కారు నడుస్తుంది... దాని చూపు మాటేమిటి?

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఏ వీధిలోకి వెళ్లినా రెండు రకాల బండ్లు కనిపిస్తాయి. ఒకటి, గ్యారేజీల ముందు బంపర్లు విప్పి నిలబెట్టిన ఖరీదైన కార్లు. వాటిలో ఇప్పుడు ఎలక్ట్రిక్‌వి పెరుగుతున్నాయి. రెండోది, డ్యూటీ దిగి క్యాంపుకు వెళ్లే కార్మికుల సైకిళ్లు. హ్యాండిల్‌కు కూరగాయల సంచి తగిలించుకుని, వెనక లైటు లేకుండా సాగిపోయేవాళ్లలో మన కరీంనగర్, నిజామాబాద్, గోదావరి జిల్లాల వాళ్లూ ఉంటారు. ఆ కారుకు ఈ సైకిల్ కనిపిస్తుందా?

టెస్లా యూఏఈలో అడుగుపెట్టింది 2017లో. ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో లగ్జరీ ఎలక్ట్రిక్ కార్లు మన కుటుంబాలకూ అందుతున్నాయి. అమెరికాలో ప్రమాదానికి గురై, వేలంలో అమ్ముడై, ఓడెక్కి వచ్చి ఇక్కడ మరమ్మతు అయ్యేవీ వాటిలో ఉంటాయి. కొనేవాళ్లు బ్యాటరీ గురించి అడుగుతారు, రంగు చూస్తారు. కెమెరా, రాడార్ల సంగతి అడిగేవాళ్లు తక్కువ.

ఒక్క డిగ్రీ తేడా

డ్రైవర్ అసిస్టెన్స్‌కు కళ్లు ముందు అద్దం పైభాగంలోని కెమెరా, చాలా కార్లలో బంపర్ వెనక ఉండే రాడార్. అద్దం మార్చినా, బంపర్ మార్చినా వాటిని మళ్లీ కాలిబ్రేట్ చేయాలి. కొలిచిన దూరంలో గుర్తుల బోర్డులు పెట్టో, రోడ్డు మీద నడిపించో చేస్తారు. చూపు ఒక్క డిగ్రీ పక్కకు తిరిగితే 100 మీటర్ల దూరంలో గురి సుమారు 1.75 మీటర్లు తప్పుతుంది. అంటే దాదాపు సగం లేన్. పక్క లేన్‌లోని లారీని మన ముందున్నట్టు భావించి సడన్ బ్రేక్ వేయొచ్చు, ముందున్నదాన్ని వదిలేయనూ వచ్చు. బంపర్‌కు మందంగా పూసిన పుట్టీ కూడా రాడార్ చూపును మందగింపజేస్తుంది.

జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక మెకానిక్ నాతో అన్నాడు: ‘‘బండి నడుస్తది సార్, ఏసీ వస్తది, పాట వస్తది. మంచిగ సూస్తుందా లేదా అని ఒక్కరు కూడ అడుగరు.’’

టెంపే నేర్పిన పాఠం

2018 మార్చి 18 రాత్రి అమెరికాలోని టెంపే నగరంలో ఉబర్ పరీక్షిస్తున్న స్వయంచాలిత కారు, సైకిల్‌ను నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న మహిళను ఢీకొట్టింది. ఆమె చనిపోయింది. దర్యాప్తులో తేలిందేమిటంటే, ఢీకొట్టడానికి 5.6 సెకన్ల ముందే కారు ఆమెను పసిగట్టింది. కానీ ఒకసారి వాహనమని, ఒకసారి ఏదో వస్తువని, ఇంకోసారి సైకిలని అభిప్రాయం మార్చుకుంటూ పోయింది. క్రాసింగ్ లేనిచోట మనిషి రోడ్డు దాటతాడన్న ఊహే ఆ ప్రోగ్రాంలో లేదు. సీట్లో ఉన్న ఆపరేటర్ చూపు ఫోన్ మీద ఉంది. ప్రోగ్రాంలు రాసే వృత్తిలో ఉన్న నన్ను ఈ వివరం వదలదు: యంత్రానికి చూపు ఉంది, అర్థం చేసుకోవడమే లేదు.

అది పరీక్షల కారు. మనం కొనే కార్ల మాటకొస్తే, 2019లో అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ నాలుగు కార్లను పరీక్షించి, పాదచారులను గుర్తించి బ్రేక్ వేసే ఏర్పాటు చీకట్లో పనిచేయడం లేదని తేల్చింది. తర్వాత సాంకేతికత మెరుగుపడింది. అయినా, ఇండస్ట్రియల్ ఏరియాలో క్రాసింగ్ లేనిచోట, లైటు లేని సైకిల్‌తో రోడ్డు దాటే మనిషి ఇప్పటికీ దానికి కఠిన పరీక్షే.

పేర్లు చూసి మోసపోవద్దు. 0 నుంచి 5 వరకున్న ఆటోమేషన్ స్థాయుల్లో మనం నడిపే కార్లు ఎక్కువ శాతం రెండో స్థాయి దాటవు. అక్కడ బాధ్యత పూర్తిగా డ్రైవర్‌దే. డ్రైవర్ శ్రద్ధ చెదరకుండా చూసే ఏర్పాట్లు చాలవంటూ 2023 డిసెంబర్‌లో టెస్లా ఆటోపైలట్‌పై అమెరికాలో సుమారు 20 లక్షల కార్లకు రీకాల్ వచ్చింది.

కొనేముందు

ఛాసిస్ నంబర్‌తో ప్రమాద చరిత్ర తీయించండి. అద్దం, బంపర్ మార్చి ఉంటే కాలిబ్రేషన్ రిపోర్టు కాగితం అడగండి. లేదంటే ఆ ఖర్చు ధరలో తగ్గించుకుని మీరే చేయించండి. బ్రేక్ పడుతుందో లేదో చూద్దామని మనుషుల ముందు మాత్రం ప్రయోగాలు వద్దు. చీకటి పడ్డాక క్యాంపుల దారుల్లో క్రూయిజ్ కంట్రోల్ ఆపేసి, కాలు బ్రేక్ దగ్గరే ఉంచండి.

మన సంఘాలు పండగలకు క్యాంపుల్లో భోజనాలు పెడుతున్నాయి, దుప్పట్లు పంచుతున్నాయి. ఈసారి వాటితోపాటు సైకిల్‌కు ఒక వెనక లైటు, మనిషికి ఒక మెరిసే జాకెట్ కూడా ఇద్దాం. ఎంత ఖరీదైన కారుకైనా, దాన్ని నడిపే మనకైనా చీకట్లో మనిషి కనబడాలంటే ముందు కావలసింది ఆ వెలుగే.