రెండవ క్రోమోసోములోని అతుకు

మనిషి కణంలో ఎన్ని క్రోమోసోములు ఉన్నవి? ఈ ప్రశ్నకు సరైన జవాబు దొరకడానికి 1956 దాకా పట్టింది. 1923లో పెయింటర్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 48 అని లెక్క తేల్చాడు. ముప్పది ఏండ్లకు పైగా పాఠ్యపుస్తకాలు ఆ అంకెనే చెబుతూ వచ్చినవి. స్వీడన్‌లోని లుండ్ పట్టణంలో చియో, లెవాన్ అనే ఇద్దరు కణాలను పలుచని ద్రావణంలో ఉబ్బించి, క్రోమోసోములు ఒకదానిమీద ఒకటి పడకుండా విడదీసి చూశారు. 46 మాత్రమే ఉన్నవి!

దీనితో ఒక చిక్కు వచ్చిపడింది. చింపాంజీకి, గొరిల్లాకు, ఒరాంగుటాన్‌కు 48 ఉన్నవి. (సంఖ్యను బట్టి తెలివిని కొలవరాదు; పొగాకు మొక్కకూ 48 ఉన్నవి.) మనకూ వాటికీ పూర్వికులు ఒకరే అయితే, ఒక జత ఏమైనట్లు? అది ఊడిపోయినదనడానికి వీలులేదు. వందలకొలది జన్యువులు ఒక్కసారిగా పోతే ప్రాణి బతకదు. ఇక మిగిలినది ఒకటే ఊహ: రెండు క్రోమోసోములు కొసలు కలిసి ఒకటిగా అతుక్కొని ఉండాలి.

ఊహించడం సులభం, రుజువు చూపడమే కష్టం. తాడు పురి విడిపోకుండా కొసకు వేసే ముడివంటిది ప్రతి క్రోమోసోము కొసకూ ఉన్నది. దాని పేరు టెలోమియర్. అందులో టి-టి-ఎ-జి-జి-జి అనే ఆరక్షరాల వరుస మళ్ళీ మళ్ళీ వస్తుంది. కణవిభజనలో కండెపోగులు పట్టుకొనే చోటు సెంట్రోమియర్. అది క్రోమోసోముకు ఒకటే ఉంటుంది. అతుకు నిజమైతే కొసలలో ఉండవలసిన టెలోమియర్లు క్రోమోసోము నడుమ ఎదురెదురుగా కనబడాలి. పనిచేయని సెంట్రోమియర్ ఒకటి అదనంగా ఉండాలి. అవి లేకపోతే ఊహ వీగిపోయినట్లే.

రంగు వేస్తే క్రోమోసోములమీద చారలు తేలుతాయి. 1982లో యూనిస్, ప్రకాశ్ వాటిని పోల్చగా, మన రెండవ క్రోమోసోము చారలు చింపాంజీ క్రోమోసోములు రెండింటిని కలిపి పెట్టినట్లున్నవి. 1991లో అతుకు చోటనే చదివారు. టి-టి-ఎ-జి-జి-జి వరుస కొంతదూరం నడిచి, అక్కడ తిరగబడి, సి-సి-సి-టి-ఎ-ఎ అవుతున్నది! పాడుపడిన సెంట్రోమియర్ ఆనవాలు కూడా తరువాత దొరికింది.

అయితే ఆ వరుస ఇప్పుడు చెక్కుచెదరకుండా లేదు. చాలాచోట్ల అక్షరాలు మారిపోయినవి. దీనికి కారణం ఉత్పరివర్తనమే. తల్లిదండ్రులలో లేని మార్పులు ప్రతి శిశువులోను సుమారు 60, 70 ఉంటాయి. కొసలలోని వరుసను కణం తిరిగి పూరించుకోగలదు. నడుమ చిక్కుకొన్న దానిని కాపాడే ఏర్పాటు లేదు గనుక తప్పులు పేరుకొన్నవి.

అతుకు పడిన మొదటి వ్యక్తికి సంతానం ఎట్లా కలిగిందని విద్యార్థులు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. నేడు కూడా సుమారు వెయ్యిమందిలో ఒకరు, వేరే క్రోమోసోములు రెండు అతికి, 45తోనే ఆరోగ్యంగా బతుకుతున్నారు. కొందరికి గర్భస్రావాలు కావచ్చు, బిడ్డలూ పుడుతున్నారు.

సైబీరియాలోని డెనిసోవా గుహలో దొరికిన ఒక వేలి ఎముక డి.ఎన్.ఏ.ను 2012లో క్షుణ్ణంగా చదివారు. ఆ ప్రాచీన మానవ శాఖలోను ఇదే అతుకు ఉన్నది. వారూ మనమూ విడిపోకముందే అది పడినదన్నమాట.