గాయం మానినా మూసుకోని ఉదర కుడ్యం

కోల్‌కతాలోని ఖిదిర్‌పూర్ రేవుపై 1943 డిసెంబరు 5న జపాన్ విమానాలు పట్టపగలు బాంబులు కురిపించాయి. మృతుల్లో అధికులు రేవు కూలీలే. పొట్ట చీలినవారు ఆనాడు బతికి బట్టకట్టడమే గొప్ప. నేడు రేవులో బరువుల కింద నలిగినా, రోడ్డుపై లారీ ఢీకొన్నా, ఎస్‌ఎస్‌కేఎం ఆసుపత్రి ట్రామా కేంద్రం అక్కడికి కొద్ది దూరంలోనే ఉంది. ప్రాణం దక్కినవారికి మిగిలేది పొట్టపై పెద్ద మచ్చ.

ఈ మచ్చ చర్మానికే పరిమితం కాదు. తీవ్ర గాయంలో పేగులు వాచిపోతాయి. పొట్టను బలవంతంగా కుడితే లోపలి ఒత్తిడికి మూత్రపిండాలు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. అందుకే కొందరికి వైద్యులు పొట్టను తెరిచే ఉంచుతారు. 1984లో కొలంబియా రాజధాని బొగోటాలో ఒస్వాల్డో బొర్రాయెజ్ అనే సర్జన్ సెలైన్ సంచిని కోసి పేగులపై కప్పి కుట్టారు. ఆ చవకైన ఉపాయమే ‘బొగోటా సంచి’గా ప్రపంచమంతా వ్యాపించింది. వాపు తగ్గాక కూడా అంచులు కలవకపోతే, తొడ నుంచి తీసిన పలుచని చర్మాన్ని నేరుగా పేగులపై అతికిస్తారు. ఈలోగా పొట్ట కండరాలు ఇరుపక్కలకూ ముడుచుకుపోతాయి. దగ్గినా, లేచినా పేగులు ఉబ్బెత్తుగా పైకి వస్తాయి. బస్తా ఎత్తి బతికే మనిషికి ఇది జీవనోపాధి సమస్య.

పునర్నిర్మాణానికి తొందర పనికిరాదు. అతికించిన చర్మం పేగులను గట్టిగా అంటుకొని ఉంటుంది. అప్పుడే విడదీయబోతే పేగు చిల్లు పడుతుంది. ఆరు నెలల నుంచి ఏడాది వరకు ఆగి, ఆ చర్మం రెండు వేళ్ల మధ్య సులువుగా పైకి లేస్తేనే శస్త్రచికిత్సకు పూనుకుంటారు. 1990లో రామిరెజ్ బృందం వివరించిన పద్ధతిలో, పక్క కండరాల పొరల్లో వెలుపలి దానిని కోసి వదులు చేస్తారు. నడుము వద్ద ఒక్కో వైపు సుమారు 10 సెంటీమీటర్ల వరకు లోపలి కండరం మధ్యకు జరుగుతుంది. దన్నుగా వలను అమరుస్తారు. బీడీ, ఖైనీ కనీసం నాలుగు వారాల ముందే మానాలి. నికోటిన్ రక్తనాళాలను కుదించి కుట్లు మాననివ్వదు. మధుమేహమూ అదుపులో ఉండాలి. ఇంత చేసినా కొందరిలో ఉబ్బు తిరగబెడుతుంది.

‘ప్లాస్టిక్ సర్జరీ’ అన్న పేరు వినగానే బీమా వర్తించదని చాలామంది వెనుదిరుగుతారు. ఇది పొరపాటు. ఐఆర్‌డీఏఐ ప్రామాణిక నిబంధన సౌందర్య చికిత్సలను మినహాయించినా, ప్రమాదం తరువాతి పునర్నిర్మాణాన్ని ఆ మినహాయింపు నుంచి తప్పించింది. కనుక తొలి ఆసుపత్రి ఇచ్చే డిశ్చార్జి పత్రంలో ప్రమాద వివరం నమోదైందో లేదో అప్పుడే చూసుకోవాలి.