కత్తి ఒకడిది, మంత్రం ఒకడిది: చందామామ సీరియళ్ళు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం

కొత్తపల్లె నుంచి మాట్లాడుతున్నా. సాయంత్రం మిద్దె మీద కూర్చొని రికార్డు చేస్తున్నా, మధ్యలో ట్రాక్టర్ సౌండ్ వస్తే ఏమనుకోవద్దు.

మొన్న మా చిన్నాయన కొడుకు ఒక మాట అడిగినాడు. వాడు రాత్రంతా ఫోన్‌లో ఫాంటసీ సిరీస్‌లు చూస్తాడు. "అన్నా, కత్తులు, మాంత్రికులు, రాక్షసులు, పాడుబడిన కోటలు... ఇట్లాంటివి రాసినోళ్ళు మన తెలుగులో ఎవరన్నా ఉన్నారా, లేకపోతే మనం అంతా బయటి సరుకేనా?" అన్నాడు. నేను లోపలికి పోయి జేజినాయన ట్రంకు పెట్టెలో నుంచి ఒక పుస్తకం తెచ్చి వాడి చేతిలో పెట్టినా. పుస్తకం అంటే దుకాణంలో కొన్నది కాదు. నెలనెలా వచ్చిన చందామామల్లో నుంచి ఒక్క సీరియల్ పేజీలు మాత్రం విడదీసి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండర్ కాగితం అట్ట వేసింది. జేజినాయన సొంత బైండింగ్. కథ పేరు శిథిలాలయం.

వాడు తిరగేసి, "ఎవరు రాసినారు?" అన్నాడు. చిన్నప్పుడు నేనూ అదే అడిగినా. జేజినాయన చెప్పిన జవాబు: "చందామామోళ్ళు." అంతే. ఎందుకంటే ఆ పేజీల్లో రచయిత పేరు యాడా లేదు. బొమ్మ కింద మాత్రం 'చిత్రా' అని సంతకం ఉంటుంది. బొమ్మ వేసినాయన పేరు కనబడుతుంది, కథ రాసినాయన పేరు కనబడదు. ఈ ఎపిసోడ్ ఆ కనబడని పేరు గురించి.

ఆయన దాసరి సుబ్రహ్మణ్యం. 1932లో గుంటూరు జిల్లా తెనాలి వైపు పెదగాదెలవర్రు అనే ఊళ్ళో పుట్టారు. 1952లో మద్రాసులో చందామామ ఆఫీసులో చేరారు, 2006 దాకా అక్కడే పనిచేశారు. యాభై నాలుగేళ్ళు ఒకటే ఉద్యోగం! మనం రెండేళ్ళు ఒకచోట ఉంటే బోర్ కొట్టిందంటాం. 2010 జనవరిలో విజయవాడలో కన్నుమూశారు.

చందామామ అంటే తెలియని వాళ్ళ కోసం ఒక్క ముక్క. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన పిల్లల మాసపత్రిక. నాగిరెడ్డి గారు మన సీమ మనిషే, కడప జిల్లా. పత్రిక తెలుగుతో ఆగలేదు, తమిళం, హిందీ, కన్నడం, మరాఠీ, ఇట్లా డజను భాషల్లో వచ్చింది. కాబట్టి దాసరి గారు తెలుగులో రాసిన మాంత్రికుడు నాగపూర్ పిల్లోడికీ, పాట్నా పిల్లోడికీ భయం పుట్టించినాడు.

1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి పన్నెండు సీరియళ్ళు రాశారు. మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం. చివరిది భల్లూక మాంత్రికుడు, 1978లో మొదలైంది. ఒక్కసారి ఆ పేర్లు మళ్ళీ అనుకోండి. ప్రతి పేరూ ఒక చోటో, ఒక వింత మనిషో, ఒక వింత వస్తువో. నీతి చెప్పే పేరు ఒక్కటీ లేదు. పేరు వింటే లోపలికి పోవాలనిపిస్తుంది.

ఇట్లాంటి కథలకు బయటి దేశాల్లో ఒక జాన్రా పేరుంది, 'స్వోర్డ్ అండ్ సోర్సరీ'. కత్తీ మంత్రమూ అనుకోండి. ఆ పేరు పెట్టింది ఫ్రిట్జ్ లైబర్ అనే అమెరికన్ రచయిత, 1961లో. కానీ ఆ రకం కథ అంతకుముందే ఉంది. రాబర్ట్ హోవార్డ్ అని టెక్సాస్‌లో క్రాస్ ప్లెయిన్స్ అనే చిన్న ఊరి కుర్రాడు, 'వియర్డ్ టేల్స్' అనే చవక పత్రికకు కథలు పంపేవాడు. 1932 డిసెంబరులో కోనన్ అనే వీరుణ్ణి ఆ పత్రికలో దింపినాడు. మన దాసరి గారు పుట్టిన సంవత్సరమే. హోవార్డ్ 1936లో ముప్పై ఏళ్ళకే చనిపోయాడు. కోనన్ మాత్రం సినిమాలు, కామిక్స్, గేమ్‌లు అన్నిట్లోకీ వచ్చేశాడు.

దీనికీ 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' లాంటి వాటికీ తేడా ఏందంటే, అక్కడ మొత్తం లోకాన్ని కాపాడాలి. ఇక్కడ అంత పెద్ద పని ఏమీ లేదు. ఈ రాత్రి ఈ గుహలో నుంచి ప్రాణాలతో బయటపడితే చాలు. తెల్లారినాక ఇంకో గండం. దాసరి గారి సీరియళ్ళు సరిగ్గా ఇట్లే నడుస్తాయి. తోకచుక్కలో సమరసేనుడు మామూలు సేనాని. ఒకవైపు ఏకాక్షి అనే ఒంటికన్ను మాంత్రికుడు, ఇంకోవైపు చతుర్నేత్రుడని నాలుగు కళ్ళవాడు. వాళ్ళిద్దరికీ పాత పగ. మధ్యలో ఇతను ఇరుక్కుంటాడు. మన ఊళ్ళో రెండు వర్గాల మధ్య ఇరుక్కున్న మామూలు రైతు గుర్తుకొస్తాడు నాకైతే. సీమోడిని కదా, నాకు అట్లనే కనబడుతుంది.

ఇప్పుడు అసలు పాయింట్. కోనన్ కథల్లో మంత్రం అంటే దాదాపు ఎప్పుడూ శత్రువే. వీరుడి చేతిలో కత్తి, దుర్మార్గుడి చేతిలో మంత్రం. దాసరి గారు కూడా మొదట్లో దగ్గర దగ్గర అదే దారిలో పోయారు. కానీ తర్వాత్తర్వాత కథలకు వచ్చేసరికి ఆయన చేసిన పని నాకు చాలా ఇష్టం. కత్తినీ మంత్రాన్నీ స్నేహితుల్ని చేసేశారు. యక్షపర్వతంలో ఖడ్గవర్మ, జీవదత్తుడు కలిసి తిరుగుతారు. ఖడ్గవర్మ సంగతి పేరే చెబుతుంది. జీవదత్తుడి చేతిలో మంత్రదండం. మాయాసరోవరంలో జయశీలుడు కత్తి వీరుడు, అతని పక్కన సిద్ధసాధకుడు, మహాకాలుడి భక్తుడు. ఒకడు ఆలోచించి అడుగు వేస్తాడు, ఇంకొకడు ముందు అరిచి తర్వాత చూస్తాడు. శిథిలాలయంలో అడవి గూడెం కుర్రాడు శిఖిముఖికి విక్రమకేసరి తోడు. పాతాళదుర్గంలో ధూమకుడు, సోమకుడు. వరసగా జంటలే!

ఒంటరి వీరుడు తనలో తాను మాట్లాడుకోవాలి. జంట ఉంటే మాట్లాడుకుంటారు, జోకులేసుకుంటారు, కొట్లాడుకుంటారు. పిల్లలకు ఒంటరి వీరుడి కంటే ఇద్దరు స్నేహితులు దగ్గర. రాక్షసుడు ఎదురైనప్పుడు కూడా పక్కన ఒకడున్నాడనే ధైర్యం. నన్నడిగితే బడి నుంచి పొలాల గట్ల మీద ఇంటికి నడిచొచ్చే పిల్లకాయల కథలు అవి.

మరి ఇవన్నీ ఆయనకు యాడ నుంచి వచ్చాయి? ఒక దారి స్పష్టంగా కనబడుతుంది. ముగ్గురు మాంత్రికులు మొదటి భాగం తీసుకోండి. పింగళుడు అనే చేపలు పట్టేవాడు, అతనికి ఇద్దరు పనికిమాలిన అన్నలు. ఒక మాంత్రికుడు వచ్చి, నా చేతులు కట్టి చెరువులోకి తోసెయ్ అంటాడు. ఇది అరేబియన్ నైట్స్‌లో జూడర్ అనే జాలరి కథ. అక్కడ కూడా చెరువు, అన్నలు, కట్టి తోయమనే మాంత్రికులు, ఒక సమాధిలో ఉన్న నిధి కోసం ప్రయాణం. అయితే ఇది కాపీ కాదు. ఆ మొలక తెచ్చి మన నేలలో నాటారు. జూడర్ పింగళుడైనాడు, మాంత్రికుడు పద్మపాదుడైనాడు, నిధి ఉన్న చోటు మహామాయుడి సమాధి అయింది. ఆ పేర్లు వింటే కైరో గుర్తుకు రాదు, మన భైరవ కోనలు గుర్తుకొస్తాయి.

రెండో దారి మన ఇంటిదే. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలు పన్నెండు భాగాలు అప్పటికే ఇళ్ళల్లో ఉన్నాయి. ఒక యతి, ఒక గొల్లపిల్లవాడు కాశీకి నడుస్తూ మజిలీ మజిలీకీ ఒక కథ చెప్పుకుంటారు. ప్రయాణం ఆగిన చోట కథ, కథ ఆగిన చోట ప్రయాణం. నెలకొక భాగం వచ్చే సీరియల్‌కి ఇంతకంటే మంచి బండి ఏముంటుంది? ఇంకా, 1951లో పాతాళభైరవి సినిమా. తీసింది చందామామ యజమానులే, నాగిరెడ్డి–చక్రపాణిల విజయా సంస్థ. దర్శకుడు కె.వి.రెడ్డి మన తాడిపత్రి. ఎస్వీ రంగారావు నేపాళ మాంత్రికుడిగా మద్రాసు నుంచి పల్లెల దాకా అందరినీ పట్టేశాడు. ఆ మరుసటి ఏడాదే దాసరి గారు ఆ ఆఫీసులో అడుగుపెట్టారు. మాంత్రికుడంటే జనానికి ఎంత పిచ్చో గాలిలోనే ఉంది.

ఇంకొక మాట, ఇది నా సొంత పైత్యం. మా వైపు వాళ్ళకు ఆ కథలు అంత ఎక్కడానికి నేల కూడా కారణం. ఒకపక్క నల్లమల. ఆళ్ళగడ్డ దాటి పోతే అహోబిలం, చీలిపోయినట్టు నిలబడిన ఉక్కుస్తంభం కొండ, పైన జ్వాలా నరసింహస్వామి. ఇంకోపక్క బెలుం గుహలు, మూడు కిలోమీటర్లకు పైగా భూమి కింద, లోపల పాతాళగంగ. పాతాళదుర్గం చదివినోడు బెలుంలో దిగితే ఊరికే ఉంటాడా? దాసరి గారు ఈ చోట్లను చూసి రాశారని నేను అనడం లేదు. మేం ఈ చోట్లలో పెట్టుకొని చదువుకున్నాం అంటున్నా, అంతే.

ఆయన వాక్యం గురించి కూడా చెప్పాలి. చందామామ తెలుగు చాలా తేట. కొడవటిగంటి కుటుంబరావు గారు ఆ పత్రికను 1980లో చనిపోయేదాకా నడిపారు, ఆ భాష మీద ఆయన చెయ్యి ఉంది. వర్ణనలు తక్కువ, పని ఎక్కువ. చెట్టు మీద నుంచి దూకినాడు, కత్తి దూసినాడు, అంతలో వెనక నుంచి అరుపు. ఆ అరుపు దగ్గర ఆపేస్తారు. మళ్ళీ నెల. మనం ఇప్పుడు ఎపిసోడ్ అయిపోగానే నెక్స్ట్ నొక్కుతాం. జేజినాయన ముప్పై రోజులు ఆగినాడు. ఆగుతూ, ఏం జరిగి ఉంటుందో పొలంలో జోడుగాళ్ళతో వాదించుకునేవాడంట. మధ్యలో ఒక కాలంలో, రాకాసిలోయ తర్వాత పాతాళదుర్గం ముందు, ఈ రకం ఆపి బంకించంద్ర కథలు వేశారు. పాఠకులు ఊరుకోలేదు, అమ్మకాలు తగ్గినాయి, అందుకే దాసరి గారిని మళ్ళీ రాయమన్నారు అని పాత అభిమానులు చెప్పుకుంటారు. 1966లో పాతాళదుర్గం వచ్చిన మాట మాత్రం నిజం.

ఇప్పుడు ఆ పేరు సంగతి. నిరుడు నేను నల్లమల మీద ఒక కథ రాసి ఫోన్‌లోనే పోస్ట్ చేసినా. ఒక ఆడియో ఛానెల్ వాళ్ళు మొత్తం చదివేసినారు, నా పేరు ఎత్తలేదు. అడిగితే, "బాగుంది కాబట్టే చదివినాం కదా బ్రో" అన్నారు. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు నాకు. ఒక్క కథకే. అప్పుడు అనిపించింది, ఈయన పాతికేళ్ళు పన్నెండు సీరియళ్ళు ఎట్ల రాసినాడప్పా అని.

రెండూ ఒకటి కాదు, తెలుసు. నాది ఎత్తుకుపోయారు. ఆయనది జీతం తీసుకొని చేసిన ఉద్యోగం, పత్రిక పద్ధతి అది. కుటుంబరావు గారంతటి వాళ్ళు కూడా అక్కడ పేరు లేకుండానే బోలెడు రాశారు. ఒక లాభం కూడా ఉంది. జేజినాయనకు కథ చెప్పింది మద్రాసులో కూర్చున్న ఒక ఉద్యోగి కాదు, చందామామే. ఆ మాయ పేరు వేస్తే కొంచెం పోయేదేమో. అయినా నేను ఒప్పుకోను. పేరు తెలిస్తే ఆ పిల్లలు ఒక కార్డు ముక్క రాసేవాళ్ళు, ఫలానా ఆయన కథ ఇంకొకటి కావాలని అడిగేవాళ్ళు. చాలామంది పాఠకులకు పేరు తెలిసేసరికి ఆయన ముసలాయన అయిపోయాడు. నాకు తెలిసేసరికి జేజినాయన పోయి ఏడాది.

ఇప్పుడు ఆ సీరియళ్ళు పుస్తకాలుగా దొరుకుతాయి. 'మంచి పుస్తకం' వాళ్ళు వేశారు, అట్ట మీద దాసరి సుబ్రహ్మణ్యం అని ఉంటుంది. యాడ మొదలుపెట్టాలంటే, తోకచుక్కతో వద్దు. అది మొదటిది, కొంచెం అటూ ఇటూ పరిగెత్తుతుంది. శిథిలాలయమో, మాయాసరోవరమో తీసుకోండి. రోజుకు ఒక్క భాగమే చదవండి, చేతనైతే. మా వాడికి చేతకాలేదు, రెండు రోజుల్లో మింగేసినాడు.

జేజినాయన కుట్టిన పుస్తకంలో చివరి నెలల పేజీలు లేవు. ఆ సంచికలు ఎవరో తీసుకుపోయి తిరిగి ఇవ్వలేదంట. అందుకే మాకు కథ చెప్పేటప్పుడు ముగింపు ఆయనే కల్పించేవాడు. అసలు ముగింపు నేను చెప్పను, చదువుకోండి. జేజినాయన ముగింపులో మాత్రం శిఖిముఖి, విక్రమకేసరి ఇద్దరూ అహోబిలం తిర్నాలకు పోయి, ఒక పొట్లం బెల్లం మిఠాయి కొని చెరి సగం తింటారు. సరే, ఉంటా మరి. చీకటి పడింది, దోమలు మొదలైనాయి.