వీణ ఎవరి కోసం?

త్యాగరాజస్వామి (1767–1847) సంగీతం గురించే చెప్పిన కృతుల్లో 'మోక్షము గలదా' ఒకటి. భక్తితో కూడిన సంగీత జ్ఞానం లేనివాళ్లకి ముక్తి ఎక్కడిదని అడుగుతారు అందులో. ప్రాణవాయువూ అగ్నీ కలిస్తే పుట్టిన ప్రణవనాదమే సప్తస్వరాలైందంటారు. వీణ వాయించడమంటే ఇష్టపడే శివుడి మనసు వీళ్లకి తెలియదే అంటారు చివర్లో.

వీణ వాయించే నాకు ఆ చివరి మాటే పట్టుకుంది. శివుడు ఎవరి చప్పట్ల కోసం వాయించాడు చెప్పండి? "నలభై దాటాక ఇంకా సాధనెందుకమ్మా, కచేరీలు చేస్తావా?" అనేవాళ్లకి ఇంతకన్నా జవాబు లేదు.

మా ఉక్కునగరంలో మావారు నైట్ షిఫ్టుకి వెళ్లాక, వంటిల్లు సర్దుకుని కూర్చుంటాను. నాది ఒకే పనస దుంగని తొలిచి చేసిన బొబ్బిలి వీణ. ఈ కృతి సారమతి రాగం. ఆరోహణలో ఏడు స్వరాలూ ఉంటాయి గానీ దిగేటప్పుడు పంచమం, రిషభం రావు. పచ్చిమిరపకాయలు తరిగిన వేళ్లు తీగమీద మండుతూనే వుంటాయి. అయినా మనసంతా ఆ దిగడం మీదే వుంటుంది. పగలంతా ఇంటిల్లిపాదికీ చేసిన నేను, ఆ కాసేపూ ఎవరికీ ఏమీ చెయ్యక్కర్లేదు.

మన విశాఖ సముద్రపు గాలికి ఉక్కు తీగలు త్వరగా తుప్పు పడతాయి. వాయించాక పొడిగుడ్డతో తుడవండి. మెట్లు మైనంలో అమరుస్తారు కనక ఎండ తగలనివ్వకండి. మీ అటకమీద వీణ వుంటే దించండి. వినేవాళ్లు లేరని మాత్రం ఆగకండి.