ఎడారి బగ్గీకి స్కిడ్ ప్లేట్: ఏ నేలకు ఏది సరి?

షార్జాలోని అల్ బదాయర్ ఇసుక దిబ్బల దగ్గర సెలవు రోజున చూస్తే బగ్గీలు బారులు తీరి కనిపిస్తాయి. పక్కపక్కనే సీట్లు, కారులో లాగా స్టీరింగ్, చుట్టూ ఇనుప గొట్టాల పంజరం. అమెరికాలో వీటిని సైడ్-బై-సైడ్ అంటారు. పోలారిస్ ఆర్‌జెడ్‌ఆర్, కెన్-యామ్ మేవరిక్ లాంటివి ఈ కోవలోనివే. డాకర్ ర్యాలీలో 2017లో వీటికి విడిగా ఒక విభాగం వచ్చింది. 2020 నుంచి ఆ ర్యాలీ సౌదీ అరేబియాలోనే జరుగుతోంది.

గల్ఫ్ గ్యారేజీల్లో పనిచేసే మన తెలుగువాళ్లకు ఈ బండ్లు కొత్త కాదు. బండి కొన్న అర్బాబ్ ముందు లైట్లు పెట్టించుకుంటాడు, తర్వాత మ్యూజిక్ సిస్టమ్. బండి పొట్ట కింద ఉండే స్కిడ్ ప్లేట్ గుర్తొచ్చేది చివర్లోనే, అదీ ఏదో ఒకటి తగిలాక. అప్పుడు మెకానిక్‌ను అడిగేది ఒకటే ప్రశ్న: "అన్నిటికంటే గట్టిది ఏది?" చాలామంది పొరపడేది ఇక్కడే. ముందు అడగాల్సింది, బండి ఏ నేల మీద తిరుగుతుంది అని.

కింద ఏం దాగి ఉంటుంది?

ఈ బండ్లకు నేల నుంచి పొట్ట ఎత్తు సుమారు 12 నుంచి 16 అంగుళాలు. చూడ్డానికి చాలా ఎత్తే. కానీ రాళ్ల మీద సస్పెన్షన్ పూర్తిగా కుంగినప్పుడు, దిబ్బ మీద నుంచి గాల్లోకి లేచి కిందపడినప్పుడు ఆ ఎత్తు ఏమీ మిగలదు. ఇంజిన్ ఆయిల్ డ్రెయిన్ ప్లగ్, గేర్ కేసు, బెల్టు ఉండే పెట్టె, బ్రేకు గొట్టాలు, కూలెంట్ పైపులు అన్నీ అక్కడే ఉంటాయి. రాయి తగిలి డ్రెయిన్ ప్లగ్ పగిలితే ఆయిల్ నిమిషాల్లో కారిపోతుంది. వేసవిలో, ఫోన్ సిగ్నల్ లేని చోట, తాగునీళ్లు తక్కువగా ఉన్నప్పుడు బండి ఆగిపోతే అది రిపేరుతో పోయే సమస్య కాదు. ప్రాణాల మీదకు వస్తుంది.

కాళ్లకూ ప్రమాదం ఉంది. చాలా మోడళ్లలో కాళ్లు పెట్టుకునే చోట నేల ప్లాస్టిక్‌దే. ఎండిన కొమ్మ ఒకటి నిలువుగా లేచి దాన్ని చీల్చుకుని లోపలికి రావచ్చు. ఈ కారణంగానే అమెరికాలో కొన్ని మోడళ్లను వెనక్కి పిలిపించిన సందర్భాలున్నాయి. కాబట్టి ప్లేటు ఇంజిన్ కింద మాత్రమే ఉంటే చాలదు. కాళ్ల కింద భాగాన్నీ కప్పాలి.

మూడు రకాలు, మూడు స్వభావాలు

ఫ్యాక్టరీ నుంచి వచ్చే ప్లేటు చాలా మోడళ్లలో పల్చటి ప్లాస్టిక్. దుమ్ము, చిన్న రాళ్లు ఆపడానికి సరిపోతుంది. అంతకు మించి కావాలంటే బజారులో ప్రధానంగా మూడు దొరుకుతాయి.

మొదటిది ఉక్కు. గట్టిది, ఏ వెల్డింగ్ షాపులోనైనా తయారవుతుంది. కానీ బరువు, పైగా తుప్పు.

రెండోది అల్యూమినియం. ఇక్కడ గ్రేడు అడగాలి. 5052 రకం మడతపెట్టినా పగలదు, ఉప్పును బాగా తట్టుకుంటుంది. 6061 రకం ఇంకా దృఢమైనదే, కానీ బిగువుగా వంచితే మడత దగ్గర పగుళ్లు రావచ్చు. అందుకే అంచులు పైకి వంచిన ప్లేట్లకు 5052 మంచిది. దెబ్బ తగిలితే అల్యూమినియం సొట్టపోతుంది. విప్పి సుత్తితో మళ్లీ సరిచేసుకోవచ్చు.

మూడోది యూహెచ్ఎండబ్ల్యూ అనే పాలిథిలీన్ ప్లాస్టిక్. ప్లాస్టిక్ అనగానే తీసిపారేయొద్దు. మోకాలి మార్పిడి ఆపరేషన్‌లో లోహపు భాగాల మధ్య పెట్టేది ఈ జాతి ప్లాస్టిక్కే. అరుగుదల తక్కువ, జారుడు ఎక్కువ. రాయి మీద అల్యూమినియం గీరుకుని పట్టేస్తుంది, ఇది జారిపోతుంది. దెబ్బకు కాస్త వంగి మళ్లీ మామూలుగా అవుతుంది. అయితే లోతుగా తెగితే మామూలు గ్యారేజీలో అతికించడం కుదరదు, ఆ ముక్క మార్చాల్సిందే.

బరువు లెక్క

ఒక చదరపు మీటరుకు లెక్కేస్తే, 3 మిల్లీమీటర్ల ఉక్కు రేకు సుమారు 23.5 కిలోలు. 4.8 మిల్లీమీటర్ల అల్యూమినియం దాదాపు 13 కిలోలు. అరంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్ల యూహెచ్ఎండబ్ల్యూ దాదాపు 12 కిలోలు. బండి పొట్ట మొత్తం రెండు చదరపు మీటర్లు ఉందనుకుంటే, ఉక్కు పెడితే మిగతా రెండింటి కంటే 20 కిలోలకు పైనే అదనం. ఇసుకలో ఆ బరువు ఇంజిన్ మీద, బెల్టు మీద పడుతుంది.

ఏ నేలకు ఏది?

మెత్తటి దిబ్బల మీదే తిరిగే బండికి మందపాటి కవచం అక్కర్లేదు. తేలికగా, నున్నగా ఉంటే చాలు. చూడాల్సింది అతుకులు. పెంకుటింటి మీద నీళ్లు ఆగకుండా జారేలా పెంకులు ఒకదానిపై ఒకటి పేర్చినట్టే, ముందు ప్లేటు వెనక అంచు వెనక ప్లేటు కిందకు రావాలి. తిరగేసి పెడితే ఆ అంచు పారలాగా ఇసుకను తోడుకుంటుంది, రాయి తగిలితే ప్లేటే ఊడొస్తుంది.

హత్తా కొండలు, రస్ అల్ ఖైమా వాదీలు, సౌదీ రాతి మైదానాలు వేరే కథ. రాయి మీద పొట్ట ఆనించి జారాల్సిన చోట అరంగుళం యూహెచ్ఎండబ్ల్యూకే మొగ్గు. గడులున్న చెకర్డ్ షీటుతో సొంతంగా ప్లేటు చేయించేవాళ్లు ఉబ్బెత్తు వైపు కిందకు పెట్టకూడదు, రాయికి పట్టు దొరుకుతుంది.

తీరం దగ్గరి ఉప్పు నేలల్లో, అరబ్బులు సబ్ఖా అనే చోట, ఉక్కు వద్దు. 5052 గానీ, ప్లాస్టిక్ గానీ ఎంచుకోవాలి. అల్యూమినియానికి స్టెయిన్‌లెస్ బోల్టులు నేరుగా బిగిస్తే ఉప్పు తడిలో రెండు లోహాలు కలిసిన చోట అల్యూమినియం తినేస్తుంది. మధ్యలో నైలాన్ వాషర్ వేయాలి.

బురద నేలైతే ప్లేటుకు నీళ్లు పోయే రంధ్రాలు పెద్దవిగా ఉండాలి. నల్లరేగడి తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. లోపల చేరిన బురద ఆరితే గట్టిపడి కిలోల కొద్దీ బరువవుతుంది.

చాలామంది మరిచిపోయేది వేడి

యూహెచ్ఎండబ్ల్యూ వేడికి బాగా సాగుతుంది. ఏసీ గ్యారేజీలో బిగించిన రెండు మీటర్ల ప్లేటు, అంతకంటే 40 డిగ్రీలు ఎక్కువ వేడిలోకి వెళ్తే సెంటీమీటరుకు పైనే పెరుగుతుంది. అల్యూమినియం అదే పొడవుకు రెండు మిల్లీమీటర్లు మాత్రమే. అందుకే ప్లాస్టిక్ ప్లేటుకు గుండ్రటి రంధ్రాలు కాకుండా పొడవాటి రంధ్రాలు, వెడల్పు వాషర్లు ఉండాలి. లేదంటే మధ్యాహ్నానికి ప్లేటు ఉబ్బి అలలా వంకరపోతుంది.

ఇంకో మాట. ఈ ప్లాస్టిక్ సుమారు 130 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకు ముందే మెత్తబడుతుంది. సైలెన్సర్, ఎగ్జాస్ట్ పైపు పక్కన ఇది పనికిరాదు. ఆ భాగం వరకు అల్యూమినియం పెట్టుకోవాలి.

నిప్పు కూడా ఇక్కడే పుట్టొచ్చు. ప్లేటుకు, ఇంజిన్‌కు మధ్య ఎండుగడ్డి, ఆకులు చేరతాయి. దానిపై ఆయిల్ చుక్కలు, పక్కనే కాలే ఎగ్జాస్ట్. అన్ని వైపులా మూసేసిన ప్లేటు ఉంటే పైన కూర్చున్నవాళ్లకు ఇవేవీ కనిపించవు. ఆయిల్ లీకు కూడా నేల మీద పడదు కాబట్టి తెలియదు. ప్రతిసారీ కడిగేటప్పుడు టార్చి వేసి లోపల చూడటం అలవాటు చేసుకోవాలి.

కొనే ముందు చూసుకోవాల్సినవి

ముందుగా, ప్లేటు ఆ మోడల్‌కు, ఆ ఏడాదికి, సీట్ల సంఖ్యకు సరిపోవాలి. రెండు సీట్ల బండి ప్లేటు నాలుగు సీట్లదానికి చాలదు.

రెండు, ఆయిల్ మార్చడానికి డ్రెయిన్ ప్లగ్ కింద రంధ్రం ఉండాలి. లేకపోతే ప్రతి సర్వీసుకూ ప్లేటు మొత్తం విప్పాలి. చవగ్గా వచ్చిన ప్లేటు కూలీ రూపంలో ఆ డబ్బు తిరిగి వసూలు చేస్తుంది.

మూడు, బోల్టు తలలు ప్లేటులోపలికి దిగి ఉండాలి. బయటకు పొడుచుకొస్తే మొదటి రాయికే అరిగిపోతాయి, తర్వాత స్పానర్‌కు పట్టు దొరకదు.

నాలుగు, సస్పెన్షన్ ఆర్మ్‌లకు గార్డులు, పక్కల స్లైడర్లు విడిగా కొనాలా, సెట్‌లోనే వస్తాయా అడగాలి. రాళ్లలో తిరిగేవాళ్లకు ఇవి తప్పనిసరి. దిబ్బలకే పరిమితమైతే ఆ ఖర్చు ఆపుకోవచ్చు.

బిగించాక మొదటి ప్రయాణం అయిపోగానే బోల్టులన్నీ మళ్లీ ఒకసారి బిగించాలి. కదలికకు, వేడికి అవి వదులవడం మామూలే. దీనికి పట్టేది పది నిమిషాలు. ఒక్క బోల్టు ఊడి ప్లేటు ముందు అంచు వేలాడితే, కాపాడాల్సిన కవచమే బండిని నేలకు గుచ్చి ఆపేస్తుంది.