ఐవీఎఫ్ తరవాత తొలి వారాల్లో రక్తం కనిపిస్తే

ఏళ్ళ తరబడి ఇంజెక్షన్లు, ఇన్సూరెన్సు వాళ్ళతో వాదనలు అయ్యాక, చివరికి క్లినిక్ నుంచి "పాజిటివ్" అని ఫోను వస్తుంది. వారం తిరక్కుండానే రక్తపు మరక కనిపిస్తే దంపతులకి కాళ్ళూ చేతులూ ఆడవు. అమెరికాలో పక్కన అమ్మో అత్తగారో ఉండరు. చాలామంది ఇండియాలో ఇంకా చెప్పి కూడా ఉండరు. నేను డాక్టర్ని కాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. అలాంటి వేళ పనికొచ్చే నాలుగు విషయాలు తోటివారితో పంచుకుందామని ఈ ప్రయత్నం.

ముందుగా ధైర్యం చెప్పే మాట. మొదటి మూడు నెలల్లో ఎంతో కొంత రక్తం కనపడటం నూటికి 15 నుంచి 25 మంది గర్భిణుల్లో ఉండేదే. వాళ్ళలో చాలామంది నిక్షేపంగా బిడ్డని కంటారు.

కారణాలు ఏమిటి?

లోపల పెట్టుకునే ప్రొజెస్టరాన్ మందు వల్ల గర్భాశయ ముఖద్వారం ఒరుసుకుని కొద్దిగా రక్తం రావచ్చు. పిండం చుట్టూ ఉన్న పొరకీ గర్భసంచి గోడకీ మధ్య రక్తం చేరవచ్చు. దీన్ని సబ్‌కోరియానిక్ హెమటోమా అంటారు. ఐవీఎఫ్ గర్భాల్లో ఇది కాస్త ఎక్కువ. చిన్నదైతే సాధారణంగా తనంతట తనే కరిగిపోతుంది. కొన్నిసార్లు అది గర్భస్రావమే కావచ్చు. దానికి ఎక్కువగా కారణం పిండంలోని క్రోమోజోముల లోపం. ఆఫీసుకి వెళ్ళడం వల్లో, మెట్లు ఎక్కడం వల్లో జరిగేది కాదు. మంచం దిగకుండా పడుకున్నంత మాత్రాన ఆగేదీ కాదు. ఇక ఎంబ్రియోని గర్భసంచిలోనే పెట్టినా అది ట్యూబులోకి చేరే అవకాశం కొద్దిగా ఉంది. ప్రాణాపాయం ఉన్నది ఇందులోనే.

మందులు మానకండి

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మందులతో గర్భసంచిని సిద్ధం చేసి ఫ్రోజెన్ ఎంబ్రియోని పెట్టినప్పుడు, ఆ నెల అండం విడుదల కాదు కాబట్టి అండాశయం తనంతట తాను ప్రొజెస్టరాన్ తయారుచెయ్యదు. మాయ ఆ పని అందుకునేదాకా గర్భం నిలిచేది మీరు వాడే మందు మీదే. రక్తం చూసి "అంతా అయిపోయింది" అనుకుని మానేస్తే నిలిచే గర్భం కూడా పోవచ్చు. మార్పు ఏదైనా క్లినిక్ వాళ్ళు చెప్పాకే.

డాక్టర్లు ఎలా తేలుస్తారు?

హెచ్‌సీజీ అంకె ఒక్కటి చూస్తే చాలదు. 48 గంటల తరవాత మళ్ళీ పరీక్షించి ఎంత పెరిగిందో చూస్తారు. తరవాత స్కాను. ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకోవాలి. అయిదు రోజుల ఎంబ్రియోని పెట్టిన నాటికే గర్భం వయసు 2 వారాల 5 రోజులుగా లెక్కిస్తారు. అంటే మరో మూడు వారాలకి 5 వారాల 5 రోజులు. అప్పటికి గుండె చప్పుడు కనపడకపోయినా ఆశ వదులుకోనక్కర్లేదు. వారం, పది రోజుల్లో మళ్ళీ స్కాను చేస్తారు.

ఎప్పుడు పరుగెత్తాలి?

గంటకి రెండు ప్యాడ్ల చొప్పున వరసగా రెండు గంటలు తడిసినా, పొత్తికడుపులో ఒక పక్క తీవ్రమైన నొప్పి వచ్చినా, భుజం నొప్పి, కళ్ళు తిరగడం, జ్వరం ఉన్నా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళాలి. స్పృహ తప్పితే 911కి ఫోను చెయ్యండి. కొద్దిపాటి మరకే అయినా అదే రోజు క్లినిక్‌కి చెప్పండి.

ట్రాన్స్‌ఫర్ తేదీ, పెట్టిన ఎంబ్రియోల సంఖ్య, వాడుతున్న మందులు, బ్లడ్ గ్రూపు ఒక కాగితం మీద రాసి పర్సులో ఉంచుకోండి. ఆర్‌హెచ్ నెగటివ్ అయితే తప్పకుండా చెప్పాలి. ఆ కంగారులో ఇవన్నీ గుర్తుకు రావు. ఆ కాగితం సిద్ధం చేసే పని భర్త తీసుకుంటే మరీ మంచిది.