నేయని పోగు: సిగరెట్టు ఫిల్టరు తయారయ్యే విధము

సిగరెట్టు చివర తెల్లగా, మెత్తగా కనిపించే ముక్కను మనలో చాలామంది దూది అనుకుంటారు. పై కాగితం విప్పి వ్రేళ్ళతో లాగి చూస్తే వేలకొద్దీ సన్నని పోచలు బయటపడతాయి. అది దూది కాదు. వడికిన నూలు కాదు. నేసిన గుడ్డ అంతకన్నా కాదు. పడుగు లేకుండా, పేక లేకుండా, పోచను పోచకు అతికించి కడ్డీగా నిలబెట్టిన వస్తువు అది. దీనిని మన భాషలో అతుకుపోగు ఫిల్టరు అని చెప్పుకోవచ్చును.

పోగును నమ్ముకొని బ్రతికే కుటుంబాలవారు దీనిని గూర్చి తెలుసుకొనవలసిన కారణాలు రెండున్నవి. మొదటిది, ఇది మన వృత్తికి దాయాది. మనం అల్లికతో సాధించేదానిని ఈ పనివారు అతుకుతో సాధిస్తారు. రెండవది, ఈ ముక్క వున్న సిగరెట్టు త్రాగితే అంత ప్రమాదం లేదన్న నమ్మకం మన మగ్గాల దాకా వచ్చి కూర్చున్నది. ఆ నమ్మకంలో నిజమెంతో, వస్తువు తయారీ తెలిసినప్పుడే మనకు చక్కగా బోధపడుతుంది.

పట్టుగూడు చెప్పే పాఠము

మొరప్పూరు, ధర్మపురి ప్రాంతాలవారికి పట్టుగూడు కొత్త వస్తువు కాదు. ధర్మపురిలో గూళ్ళ మార్కెట్టే వున్నది. పట్టుపురుగు తన నోటినుండి రెండు సన్నని పోచలను విడుస్తూ, వాటితోపాటు సెరిసిన్ అనే జిగురును కూడా విడుస్తుంది. తల అటూ ఇటూ త్రిప్పుతూ పోచను పొరలు పొరలుగా పరుస్తుంది. పోచ మీద పోచ పడిన చోటల్లా జిగురు ఆరి అతుక్కుంటుంది. అందుచేత గూడు మగ్గమెక్కకుండానే గట్టిగా నిలుస్తుంది. ఆ గూటిని వేడినీళ్ళలో వేస్తే జిగురు మెత్తబడుతుంది. అప్పుడు గాని దారం తీయడానికి వీలు కాదు.

అతుకుపోగు విద్య అంతా ఇందులోనే వున్నది. పోచలు వుండాలి, అవి ఒకదానినొకటి తాకే చోట్లు వుండాలి, ఆ చోట్ల మాత్రమే అతుకు పడాలి. అతుకు తక్కువైతే కడ్డీ నలిగిపోతుంది. ఎక్కువైతే పోచల నడుమ ఖాళీలు మూసుకుపోయి గాలి ఆడదు.

పోచ ఎక్కడినుండి వస్తున్నది?

ఈ పోచకు సెల్యులోజ్ ఎసిటేట్ అని పేరు. దీనికి మూలం చెట్టే. పత్తిని గిన్ను చేసిన తరువాత గింజను అంటిపెట్టుకొని పొట్టి నూగు మిగులుతుంది. వడకడానికి పనికిరాని ఆ నూగునుండి గాని, శుద్ధిచేసిన కొయ్య గుజ్జునుండి గాని దీనిని తయారు చేయవచ్చును. ఫిల్టర్లకు వాడేది ముఖ్యంగా కొయ్య గుజ్జే. ఆ గుజ్జును సిర్కాలో వుండే ఆమ్లముతోను, దానికి దగ్గర బంధువైన మరొక రసాయనముతోను కలిపి, కొద్దిగా గంధకామ్లము చేర్చి మారుస్తారు. తెల్లని పెళుసు రేకులు వస్తాయి. ఆ రేకులను ఎసిటోన్ అనే ద్రావకములో కరిగించి, తేనెవలె చిక్కనైన ద్రవాన్ని సన్నని రంధ్రాలు గల పలకగుండా వేడి గాలిలోనికి వదలుతారు. ఎసిటోన్ ఆవిరై పోతుంది, పోచ మిగులుతుంది. పట్టుపురుగు నోటితో చేసే పనిని ఇక్కడ ఇనుప పలక చేస్తున్నదన్నమాట.

ఈ పదార్థాన్ని 1865లో షుట్జెన్‌బెర్గర్ అనే ఫ్రెంచి రసాయనవేత్త మొదట తయారుచేశాడు. స్విట్జర్లాండుకు చెందిన డ్రేఫస్ సోదరులు మొదటి ప్రపంచయుద్ధంలో విమానాల రెక్కల గుడ్డకు పూసే పూతగా దీనిని విస్తారంగా ఉత్పత్తి చేశారు. యుద్ధం ముగిసి పూతకు గిరాకీ పడిపోగా, 1921లో ఇంగ్లండులో ఇదే పదార్థంతో నూలు తీయడం మొదలుపెట్టారు. అది కృత్రిమ పట్టుగా బజారుకెక్కింది.

తెలుగునాట కూడా ఈ నూలు తీశారు. కాగజ్‌నగర్‌లోని సర్‌సిల్క్ మిల్లు నైజాము రాజ్యకాలంలో, 1940లలో, పుట్టినది. ఎసిటేట్ నూలు తీసిన ఆ మిల్లు 1980లలో మూతపడి వేలమంది కార్మికుల బ్రతుకు తారుమారైనది. నైలాను, పాలియెస్టరు వచ్చిన తరువాత ప్రపంచమంతటా ఎసిటేట్ నూలు గుడ్డల బజారులో వెనుకబడిపోయింది. కట్టుకొనే గుడ్డలో చోటు కోల్పోయిన ఆ పోచ నేడు సిగరెట్టు చివర బ్రతుకుతున్నది. ఇప్పుడు తయారయ్యే ఎసిటేట్ పోచలో అధికభాగం ఫిల్టర్లకే పోతున్నది.

మన వారికి పనికివచ్చే పరీక్ష ఒకటి ఇక్కడ చెప్పవలసి యున్నది. పట్టు అని గాని, నూలు అని గాని చెప్పి ఇచ్చిన పోగుపై అనుమానం కలిగితే దాని కొస ఒకటి కత్తిరించి కాల్చి చూడండి. నూలు కాగితపు వాసనతో కాలి మెత్తని బూడిద అవుతుంది. పట్టు వెంట్రుక కాలిన వాసన వేస్తుంది. ఎసిటేట్ కరిగి కాలుతూ పుల్లని సిర్కా వాసన వేసి, నల్లని పెళుసు పూసను మిగులుస్తుంది. ఎసిటోన్ చుక్క వేస్తే ఎసిటేట్ జిగురై పోతుంది. నూలుకు, పట్టుకు ఏమీ కాదు.

పోచ లెక్క

నూలును మనం నంబరుతో కొలుస్తాం. నంబరు పెరిగితే పోగు సన్నబడుతుంది. ఈ పోచలను డెనియరుతో కొలుస్తారు. తొమ్మిదివేల మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. ఇక్కడ అంకె పెరిగితే పోగు లావెక్కుతుంది. 5315ను డెనియరుతో భాగిస్తే మన నూలు నంబరు వస్తుంది. ఆ లెక్కన 100 నంబరు నూలు సుమారు 53 డెనియర్లు.

ఫిల్టరుకు వాడే పోచ ఒక్కొక్కటి 3 డెనియర్ల ప్రాంతంలో వుండడం కద్దు. అనగా 100 నంబరు నూలుపోగులో పదునెనిమిదవ వంతు. ఇట్టి పోచలను పురి లేకుండా కట్టగా చేర్చితే వచ్చే పేలికను ‘టో’ అంటారు. మొత్తం 35,000 డెనియర్ల టో తీసుకుంటే అందులో పోచలు సుమారు 11,600. నలభైయెనిమిది అంగుళాల పన్నాలో అంగుళానికి నూరు పోగుల చొప్పున పడుగు వేస్తే 4,800 పోగులు. అంటే రెండు చీరల పడుగులకు మించిన పోచలు చిటికెన వ్రేలంత కడ్డీలో నిలువుగా ఇమిడి వున్నవన్నమాట.

ఈ పోచలు గుండ్రంగా వుండవు. అడ్డంగా కోసి భూతద్దంలో చూస్తే మూడు కొమ్మలు గల గుర్తువలె కనబడతాయి. గుండ్రని పోచకంటె వీటికి ఉపరితలం ఎక్కువ. పైగా టోను వంకీలు పెట్టి ముడతలుగా చేస్తారు. పోచలు నిటారుగా వుంటే ఒకదాని ప్రక్క ఒకటి జారిపోతాయి, అడ్డంగా తాకుకోవు. వంకీలున్నందువల్లనే అతుకు పడే చోట్లు ఏర్పడుతున్నవి.

కడ్డీ తయారీ

ఒత్తి కట్టిన పెద్ద బేళ్ళలో టో కర్మాగారానికి వస్తుంది. ఆ తరువాత పని ఈ వరుసలో జరుగుతుంది.

మొదట పేలికను బేలునుండి పైకి లాగి, గాలి ఊది వెడల్పు చేస్తారు. ముద్దగా వున్న పోచలు పలుచని పట్టీగా పరచుకుంటాయి.

రెండవది, పట్టీని వేరు వేరు వేగాలతో తిరిగే రోలర్ల నడుమ సాగదీసి వదలుతారు. అన్ని పోచల వంకీలు ఒకే వరుసలో వుంటే పట్టీ పలుచగానే వుండిపోతుంది. సాగదీసి వదలినప్పుడు వంకీలు వరుస తప్పి, పట్టీ పొంగుతుంది. ఏకు చేయడానికి దూదిని ఏకినప్పుడు పొంగినట్లే.

మూడవది, అతుకు. పొంగిన పట్టీపై ట్రైఎసిటిన్ అనే ద్రవాన్ని సన్నని తుంపరగా చల్లుతారు. పోచల బరువులో నూటికి ఆరునుండి పది పాళ్ళవరకు పడుతుంది. ఇది పడుగుకు పెట్టే గంజి వంటిది కాదు. గంజి పోగు పైన పొరగా నిలిచి, తరువాత ఉతుకులో పోతుంది. ట్రైఎసిటిన్ పోచ పైచర్మాన్నే మెత్తబరుస్తుంది. మెత్తబడిన రెండు పోచలు తాకిన చోట కలిసిపోతాయి. కొన్ని గంటలకు ద్రవం లోపలికి ఇంకి, అతుకు గట్టిపడుతుంది. బయటినుండి జిగురు తేకుండా పోచ పదార్థమే జిగురైన తీరు ఇది.

నాలుగవది, చల్లిన పట్టీని గరాటులోనికి లాగి గుండ్రంగా చేసి, కాగితం చుట్టి, కాగితపు అంచు అతికిస్తారు. ఆగకుండా వచ్చే ఈ తాడును నూరు, నూటయిరవై మిల్లీమీటర్ల ప్రాంతంలో కడ్డీలుగా కత్తి కోస్తుంది. నేటి యంత్రాలు నిమిషానికి నాలుగైదువందల మీటర్లు చుట్టగలవు. తరువాత సిగరెట్టు యంత్రంలో ఒక్కొక్క కడ్డీ నాలుగో ఆరో ముక్కలై సిగరెట్లకు అమరుతుంది.

జోలారుపేటలో బండి మారితే మొరప్పూరునుండి బెంగుళూరు దూరమేమీ కాదు. అక్కడ ఐ.టి.సి. వారి అనుబంధ సంస్థ ఇట్టి కడ్డీలు చేస్తున్నది.

కాగితపు చుట్ట లేకుండా నిలిచే కడ్డీలు కూడా వున్నవి. వాటికి ద్రవం హెచ్చుగా చల్లి, వేడి ఆవిరి పట్టించి, అచ్చుగుండా లాగుతారు. వేరొక పద్ధతిలో ఒకే పోచలో లోన ఒక పదార్థం, పైన ఒక పదార్థం వుంటుంది. పైది తక్కువ వేడికి కరిగి అతుకు వేస్తుంది, లోపలిది కరగక పోచ రూపాన్ని నిలుపుతుంది. మన పిల్లలు గీసే స్కెచ్ పెన్నులో సిరా పట్టి వుంచే మెత్తని కడ్డీ ఈ జాతిదే. పోగు తెలిసిన మన యువకులు ఈ విద్యను ఆ వైపునుండి పరిశీలించడం మంచిది. సిరా కడ్డీలకు, వత్తులకు, నీటి వడపోతకు వాడే పోగు ఎవరికీ హాని చేయదు.

ఈ ఫిల్టరు నిజంగా వడపోస్తున్నదా?

వడగుడ్డ అనగానే మనకు సందులు గుర్తుకు వస్తాయి. సందుకన్న పెద్దది ఆగుతుంది, చిన్నది పోతుంది. సిగరెట్టు ఫిల్టరు అట్లా పనిచేయదు. ఇందులో పోచ మందం మిల్లీమీటరులో యాభయ్యవ వంతు ప్రాంతం. పొగలోని కణాలు దానికంటె యాభై రెట్లు చిన్నవి. సందులగుండా అవి సులువుగా పోగలవు. పోతూ పోతూ పోచలను తగిలినవి మాత్రమే అంటుకుంటాయి. అందువల్ల తారులో కొంత ఆగుతుంది, తక్కినది లోపలికి పోతుంది. బొగ్గుపులుసు వాయువుకంటె ప్రమాదమైన కార్బన్ మోనాక్సైడు కణం కాదు, వాయువు. దానిని ఈ పోచలు ఆపలేవు.

చరిత్ర కూడా ఇదే చెబుతున్నది. 1925లో హంగేరీవాడైన బోరిస్ ఐవాజ్ ముడతల కాగితంతో ఫిల్టరుకు పేటెంటు పొందాడు. చాలాకాలం గిరాకీ లేదు. 1950లో అమెరికాలో నూటికి ఒక్క సిగరెట్టుకైనా ఫిల్టరు లేదు. పొగవల్ల ఊపిరితిత్తుల క్యాన్సరు వస్తున్నదని ఆ యేండ్లలో వైద్యులు తేల్చగానే జనం భయపడ్డారు, కంపెనీలు ఫిల్టరు చూపించాయి. 1960 నాటికి సగం సిగరెట్లకు ఫిల్టరు వచ్చింది. వాటిలో కెంట్ అనే రకం 1952నుండి 1956వరకు రాతినార, అనగా ఆస్బెస్టాసు, కలిపిన ఫిల్టరుతో అమ్ముడుపోయింది. క్షేమం కోసమని కొన్నవారు పొగతోపాటు రాతినారను కూడా పీల్చారు.

1953లో రేనాల్డ్స్ కంపెనీ రసాయనవేత్త క్లాడ్ టీగ్, పొగ తగిలినప్పుడు ఫిల్టరు రంగు మారేటట్లు చేస్తే అమ్మకానికి లాభమని కంపెనీకి వ్రాశాడు. రంగు మారడం ఎక్కువ వడపోతకు గుర్తు కాదు, కొనేవాని కంటికి తృప్తి మాత్రమే. 2014లో అమెరికా ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి నివేదిక, 1950ల తరువాత సిగరెట్టు నిర్మాణంలో వచ్చిన మార్పులవల్ల ఒక రకం ఊపిరితిత్తుల క్యాన్సరు పెరిగిందని తేల్చింది. ఫిల్టరు చుట్టూ గాలి రంధ్రాలు పెట్టిన సిగరెట్టును త్రాగేవాడు మరింత గట్టిగా, లోతుగా పీల్చడం ఇందుకు కారణం కావచ్చునని అందులో వున్నది.

పారవేసిన ముక్క

పత్తి గింజ నూగు మట్టిలో పడితే కుళ్ళిపోతుంది. అదే జాతి పదార్థం ఎసిటేట్‌గా మారిన తరువాత ఏండ్ల తరబడి కుళ్ళదు. పైగా అది పొగలో పట్టిన విషాన్ని నీటికి వదలుతుంది. 2011లో అచ్చయిన ఒక అమెరికా ప్రయోగంలో, సుమారు ఒక్క సిగరెట్టు పీక నానిన లీటరు నీళ్ళు నాలుగు రోజులలో సగం చేపలను చంపినవి. కాలువగట్టున నూలు తడుపుకొనేవారు ఈ మాటను మరువరాదు.

మగ్గమున్న యింట మరి రెండు ప్రమాదాలు కూడా వున్నవి. మిల్లులలో పత్తి ధూళివల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు పొగ త్రాగేవారిలో హెచ్చుగా కనబడింది. నూలు, దూది వున్న చోట ఆరని పీక ఒక్కటి చాలు, ఏడాది కష్టం బూడిద కావడానికి.

గట్టి రంగు అని చెప్పి అమ్మిన చీర మొదటి ఉతుకులోనే రంగు దిగితే, కొన్నవారు ఆ నేతగాని గడప మరల త్రొక్కరు. వస్తువు చెప్పినట్లు వుండాలన్నది మన వృత్తి నీతి. ఫిల్టరు కడ్డీ చేయడంలో నేర్పు వున్నది, పోచకు పోచ అతికించిన తీరులో మెచ్చుకోదగిన తెలివి వున్నది. కాని క్షేమమన్న పేరుతో దానిని అమ్మితే, అది రంగు దిగే చీర. ఫిల్టరు వున్నదని ధైర్యపడి త్రాగుతున్నవారు మన ఇళ్ళలో వుంటే, ఒక ముక్కను విప్పి ఆ పోచలను వారికి చూపండి. పోగు ఏ పని చేయగలదో, ఏ పని చేయలేదో మనవారికి మరొకరు చెప్పనక్కరలేదు.